రక్షణకు ధర ఉండాలి, దారీ ఉండాలి

మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట కొత్తగా మొదలుపెట్టిన పిల్లలకు, ఆట ముదిరినవాళ్లు ఇచ్చే మొట్టమొదటి సలహా ఒకటుంది: "ఆ ఆరా కార్డులన్నీ తీసి పక్కన పెట్టెయ్." పిల్లవాడు ఇష్టంగా ఏరి కూర్చుకున్న డెక్‌ను బల్ల మీద పరుస్తాడు. పెద్దవాడు ఒక్కసారి కళ్లతో జల్లెడ పట్టి, తన జీవులను కాపాడుకునే మంత్రాలను ఒక్కొక్కటే లాగేసి, ఎదుటివాడి జీవులను చంపే కార్డులు పెట్టుకోమంటాడు. డాలస్ పక్కన అర్వింగ్‌లో, మా అమ్మాయి ఇంటికి దగ్గర్లోని ఆటల దుకాణంలో శుక్రవారం సాయంత్రాలు ఇది తరచూ చూస్తుంటాను. సలహా ఇచ్చేవాళ్లు పిల్లల మేలు కోరే చెబుతున్నారు. కానీ లెక్కను సగంలో ఆపేస్తున్నారు. ఆ మిగిలిన సగం గురించి రాయాలని ఎంతోకాలంగా అనుకుంటున్నాను.

నేను విజయవాడలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మనవడి పక్కన కూర్చుని ఈ ఆట నేర్చుకున్నాను. దీన్ని కనిపెట్టిన రిచర్డ్ గార్ఫీల్డ్ కూడా లెక్కల మనిషే అని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. ఆయన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ విల్ఫ్ దగ్గర కాంబినేటరిక్స్‌లో పరిశోధన చేసి 1993లో డాక్టరేట్ తీసుకున్నాడు. అదే ఏడాది ఆగస్టులో ఈ ఆట మొదటి ముద్రణ బజారుకొచ్చింది. జనరేటింగ్ ఫంక్షన్ల మీద విల్ఫ్ రాసిన పుస్తకం చదివినవాళ్లకు ఆ గురువు ఎలాంటివాడో తెలుసు. ఆ బడి వాసన ఈ ఆటలో ప్రతి మూలా ఉంది.

ఆట తెలియనివాళ్లకు నాలుగు మాటలు. ఒక్కొక్కరికి కనీసం 60 ముక్కల డెక్. మామూలు ల్యాండ్లు తప్ప ఏ ముక్కా నాలుగుకు మించి ఉండకూడదు. చేతిలో 7 ముక్కలతో, 20 ప్రాణాలతో మొదలుపెడతారు. ల్యాండ్ కార్డులు మానా అనే శక్తినిస్తాయి. ఆ మానా ఖర్చుపెట్టి జీవులను దించుతారు, మంత్రాలు వేస్తారు. తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ అని అయిదు రంగులు. కొన్ని మంత్రాలు వేసిన మరుక్షణం పనిచేసి, వాడేసిన ముక్కల కుప్పలోకి పోతాయి. ఎన్‌చాంట్‌మెంట్లనేవి మాత్రం బల్ల మీదే నిలబడి పనిచేస్తూ ఉంటాయి. వాటిలో ఒక జీవికి తగిలించేవి ఆరాలు. పసిబిడ్డ మొలతాడుకు రక్షరేకు కట్టినట్టు, ఆ ముక్కను జీవి కార్డు కింద దూర్చి పెడతారు. జీవి ఉన్నంతకాలం అదీ ఉంటుంది. జీవి చస్తే అదీ కుప్పలోకి పోతుంది.

పెద్దల అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. నువ్వు జీవికి ఒక ముక్క, రక్షణకు ఒక ముక్క ఖర్చుపెట్టావు. ఎదుటివాడు ఒకే ముక్కతో జీవిని తీసేస్తే నీవి రెండు పోయాయి, వాడిది ఒకటే పోయింది. అంతకంటే ఘోరం ఇంకోటుంది. నువ్వు ఆరా వేయబోతున్నప్పుడు, అది జీవికి అంటుకునేలోపే వాడు లైట్నింగ్ బోల్ట్ లాంటిది విసిరితే జీవి పోతుంది, తగిలే చోటు లేక ఆరా కూడా పోతుంది. పైగా ఆరాలు, కొన్ని మినహాయింపులు వదిలేస్తే, నీ మలుపులోనే, అంటే నీ వంతు వచ్చినప్పుడే, వేయాలి. వాడు కొట్టబోయే క్షణంలో అడ్డం పెట్టడానికి కుదరదు. ఇదంతా నిజం. నేను కాదనను.

కానీ ఈ లెక్కలో ఒక ఊహ దాగి ఉంది. ఎదుటివాడి చేతిలో ఎప్పుడూ, ప్రతి రక్షణకూ, సరైన విరుగుడు ఉంటుందని. ఉంటుందా? ఉంటే ఏ రకం విరుగుడు? దాన్ని వాడేందుకు మానా మిగిలిందా? నేను పిల్లలకు లెక్కలు చెప్పిన అన్నేళ్లలో, షరతు రాయకుండా సంభావ్యత రాసిన జవాబుకు ఎప్పుడూ పూర్తి మార్కులు వేయలేదు.

రక్షణ అన్నది ఒకే వస్తువు కాదు. ఈ ఆటలో అదే అందం. 2010లో వచ్చిన రైజ్ ఆఫ్ ద ఎల్డ్రాజీ అనే సెట్‌లో అంబ్రాలనే ఆరాలు ఉన్నాయి. వాటిలో హైనా అంబ్రా నాకు ఇష్టం. ఒకే ఒక తెల్ల మానాతో వస్తుంది. జీవి బలం ఒకటి, ఓర్పు ఒకటి పెంచుతుంది, పోరులో ముందుగా కొట్టే శక్తినిస్తుంది. అసలు సంగతి మరొకటి. జీవి నాశనం కావలసి వచ్చినప్పుడు దాని బదులు ఈ ముక్క నాశనమవుతుంది, జీవికి తగిలిన దెబ్బలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అంటే జీవిని నాశనం చేసే డూమ్ బ్లేడ్ వేస్తే అంబ్రా పోతుంది, జీవి నిలుస్తుంది. ఒకటికి ఒకటి చెల్లు. బల్ల మీద ఉన్న జీవులన్నిటినీ ఊడ్చేసే రాత్ ఆఫ్ గాడ్ వేసినా నీ జీవి ఒక్కటే నిలబడి ఉంటుంది. రెండు ముక్కల నష్టమన్న వాదన ఇక్కడ చెల్లదు.

అయితే అంబ్రా అన్నిటికీ మందు కాదు. సోర్డ్స్ టు ప్లౌషేర్స్ జీవిని చంపదు, ఆట నుంచే వెలివేస్తుంది. అంబ్రా చూస్తూ ఊరుకోవలసిందే. జీవిని తిరిగి చేతిలోకి పంపినా అంతే. ఓర్పును సున్నాకు దించే మంత్రం వేసినా అంతే, ఎందుకంటే ఆట నియమాల ప్రకారం అది నాశనం కిందికి రాదు. మా మనవడు ఈ తేడా పట్టుకున్న రోజున నాకు కలిగిన సంతోషం, క్లాసులో ఒక కుర్రాడు అవధికీ విలువకూ తేడా పట్టుకున్నప్పుడు కలిగిన సంతోషమే.

1997లో వచ్చిన టెంపెస్ట్ సెట్‌లోని ఫ్లికరింగ్ వార్డ్ ఇంకో తరహా. ఇది కూడా ఒక తెల్ల మానానే. బల్ల మీదికి వచ్చేటప్పుడు ఒక రంగు చెప్పాలి. ఆ రంగు నుంచి జీవికి రక్షణ. అంటే ఆ రంగు మంత్రాలు దాన్ని గురి పెట్టలేవు, ఆ రంగు దెబ్బలు తగలవు, ఆ రంగు జీవులు దానికి అడ్డం రాలేవు, ఆ రంగు ఆరాలు దానికి అంటవు. నీ సొంత ఆరాలతో సహా! ఫ్లికరింగ్ వార్డ్ తనకు తాను ఊడిపోకుండా కార్డు మీదే ఒక వాక్యం రాసి ఉంటుంది. 1993 మొదటి ముద్రణలోని వైట్ వార్డ్‌తో మొదలైన చిక్కు ఇది. తెలుపు నుంచి కాపాడే తెల్ల ఆరా తననే తాను తోసేస్తుంది కాబట్టి, దానికి మినహాయింపు రాయవలసి వచ్చింది. ఫ్లికరింగ్ వార్డ్‌లో మరో గుణం: ఇంకో తెల్ల మానా ఖర్చుపెడితే, ఏ క్షణంలోనైనా దాన్ని తిరిగి చేతిలోకి తీసుకోవచ్చు.

ఈ రెండు ముక్కలూ కలిసి వచ్చిన ఆట ఒకటి వివరంగా చెబుతాను. నా వాదనంతా అందులోనే ఉంది.

మా వాడి దగ్గర బలం మూడు, ఓర్పు మూడు ఉన్న జీవి ఒకటి, దానికి హైనా అంబ్రా తగిలించి ఉంది. ఎదురుగా కూర్చున్న కుర్రాడిది పూర్తిగా తెల్ల డెక్. వాడికి ఆరు ప్రాణాలు మిగిలాయి. వాడు తన మలుపులో ఉన్న నాలుగు ల్యాండ్ల మానా అంతా పెట్టి రెండో తెల్ల జీవిని అడ్డుకోవడానికి దించాడు. మా వాడి చేతిలో ఫ్లికరింగ్ వార్డ్ ఉంది. తెలుపు అని చెప్పి తగిలిస్తే వాడి ఇద్దరు అడ్డగాళ్లూ పనికిరారు, జీవి నేరుగా వెళ్లి కొడుతుంది. కానీ హైనా అంబ్రా తెల్ల ఆరా. వార్డ్ తగిలిన క్షణంలో అది రాలిపోతుంది.

వాడు నా వైపు చూశాడు. "అమ్మమ్మా, ఏది ఉంచాలి?"

ఆట మధ్యలో సలహా చెప్పకూడదు, చెప్పలేదు కూడా. కానీ వాడు ఆలోచిస్తున్న దారి నాకు తెలుస్తూనే ఉంది, ఎందుకంటే ఇంట్లో అదే దారిలో ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. తెల్ల డెక్‌లో జీవిని తీసే ముక్కలు రెండు రకాలు. సోర్డ్స్ లాంటివి ఒక జీవిని గురి పెట్టి వెలివేస్తాయి. వాటికి అంబ్రా అడ్డం కాదు, వార్డ్ అడ్డం. రాత్ ఆఫ్ గాడ్ లాంటివి ఎవరినీ గురి పెట్టవు, అందరినీ నాశనం చేస్తాయి. వాటికి వార్డ్ అడ్డం కాదు, అంబ్రా అడ్డం. ఏ రక్షణ ఉంచుకుంటే ఏ భయం మిగులుతుందో అంత స్పష్టంగా రెండుగా చీలిన సందర్భం అది. ఎదుటి కుర్రాడు ఇప్పుడే కష్టపడి రెండో జీవిని దించాడు. అందర్నీ ఊడ్చేసే ఉద్దేశం ఉన్నవాడు అలా దించడు. పైగా వాడి మానా అంతా అయిపోయింది. ఈ మలుపులో వార్డ్ వేస్తే, అది అంటుకునేలోపు కొట్టడానికి వాడి దగ్గర ఏమీ లేదు.

మా వాడు తెలుపు అన్నాడు. అంబ్రా రాలింది. జీవి వెళ్లి మూడు కొట్టింది. ఎదుటివాడికి మూడు ప్రాణాలు.

తర్వాతి మలుపులో ఆ కుర్రాడు చాలాసేపు ఆలోచించి రాత్ ఆఫ్ గాడ్ వేశాడు. ఇంకో దెబ్బకు చచ్చేవాడు కాబట్టి తన జీవులను కూడా బలి పెట్టక తప్పలేదు. అది పూర్తయ్యేలోపు మా వాడు అట్టిపెట్టుకున్న ఒక్క తెల్ల మానా ఖర్చుపెట్టి ఫ్లికరింగ్ వార్డ్‌ను చేతిలోకి లాక్కున్నాడు. జీవి పోయింది, రక్షణ మిగిలింది. ఆ తర్వాత ఇంకో జీవిని దించి, అదే వార్డ్ తగిలించి, ఎదుటివాడు కొత్తగా పెట్టిన తెల్ల అడ్డగాడి పక్కనుంచి వెళ్లి ఆట ముగించాడు. అయ్యాక ఆ కుర్రాడు చేతి ముక్కలు చూపించాడు. సోర్డ్స్ టు ప్లౌషేర్స్ మొదటి నుంచీ ఉంది, ఇంకా పెద్ద జీవి వస్తుందేమోనని దాచుకున్నాడట. వార్డ్ పడ్డాక అది పనికిరాని ముక్కయింది.

ఆ పావుగంటలో ఇద్దరు పిల్లలూ ఎన్ని విషయాలు ఆలోచించారో చూడండి. గురికీ ఊడ్పుకీ తేడా, వెలికీ నాశనానికీ తేడా, ఎదుటివాడి మానా లెక్క, వాడి ఉద్దేశం, తన చేతిలో అట్టిపెట్టుకోవలసిన ఒక్క మానా. "ఆరాలు తీసెయ్" అన్న సలహా విన్న పిల్లవాడి డెక్‌లో ఈ ఆట జరగదు. అక్కడ జరిగేది నువ్వొకటి దించు, నేను చంపుతా, నేనొకటి దించుతా, నువ్వు చంపు. అదీ ఆటే, కాదనను. కానీ పదకొండేళ్ల బుర్రకు ముందు ఏది పెట్టాలంటే నేను మొదటిదే పెడతాను.

రక్షణ అనగానే వెనక్కి తగ్గి దాక్కోవడం అనుకునేవాళ్లకు ఇంకో మాట. పై ఆటలో వార్డ్ చేసిన మొదటి పని కాపాడటం కాదు, దారి తెరవడం. 2011లో వచ్చిన స్పిరిట్ మాంటిల్ అనే ఆరా జీవికి "జీవుల నుంచి" రక్షణ ఇస్తుంది. దానికి ఏ జీవీ అడ్డం రాలేదు, ఏ జీవి దెబ్బా తగలదు. రెండు మానాలతో అడ్డూ ఆపూ లేని దాడి.

ఇక్కడిదాకా నేను రక్షణ కార్డుల పక్షం. ఇక్కడి నుంచి కొన్ని రక్షణలకు నేను వ్యతిరేకిని, ఆ వ్యతిరేకత కూడా అంతే గట్టిది.

హెక్స్‌ప్రూఫ్ అనే గుణం ఉంది. ఆ గుణమున్న జీవిని ఎదుటివాడు ఏ మంత్రంతోనూ గురి పెట్టలేడు. దాని యజమాని మాత్రం ఎన్ని ఆరాలైనా తగిలించుకోవచ్చు. స్లిప్పరీ బోగిల్ అనేది 2008లో వచ్చిన చిన్న జీవి. బలం ఒకటి, ఓర్పు ఒకటి, ఒకే మానా, హెక్స్‌ప్రూఫ్. అలాంటిదే గ్లేడ్‌కవర్ స్కౌట్. ఈ రెండూ నాలుగేసి పెట్టి, మిగిలిన చోటంతా ఎథీరియల్ ఆర్మర్, రాంకర్, అంబ్రాల వంటి ఆరాలతో నింపితే దాన్ని బోగిల్స్ డెక్ అంటారు. లెక్క చేసి చూశాను. ఒకే ముక్క నాలుగు ప్రతులుంటే, మొదటి 7 ముక్కల్లో కనీసం ఒకటి వచ్చే అవకాశం 40 శాతం. ఎనిమిది ఉంటే 65 శాతం. నచ్చక ముక్కలన్నీ తిప్పి మరో 7 తీసుకుంటే, కనీసం ఒకసారైనా వచ్చే అవకాశం 88 శాతం. కాబట్టి ఆ డెక్ పట్టుకున్నవాడు చాలా ఆటల్లో మొదటి మలుపులోనే ఎవరూ తాకలేని జీవిని దించి, తర్వాత ప్రతి మలుపులో ఒక ఆరా తగిలిస్తూ పోతాడు. ఈ డెక్‌కు బలం లేదని ఎవరూ అనలేరు. 2013లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్‌లో రీడ్ డ్యూక్ ఇలాంటి డెక్‌తోనే కూర్చుని, షహార్ షెన్హార్ చేతిలో మూడు రెండు తేడాతో ఓడిపోయాడు.

మరి నాకెందుకు పడదు? ఎదుటి బల్లవైపు చూడండి. అక్కడ కూర్చున్న పిల్లవాడి చేతిలో డూమ్ బ్లేడ్ ఉంది, లైట్నింగ్ బోల్ట్ ఉంది, సోర్డ్స్ ఉంది. ఒక్కటీ పనికిరాదు. వాడు ఏం ఆలోచించాలి? ఎప్పుడు వేయాలన్న ప్రశ్న లేదు, దేని మీద వేయాలన్న ప్రశ్న లేదు. నేను పైన చెప్పిన ఆటలో ఇద్దరూ ఆలోచించారు. ఇక్కడ ఒక్కడే ఆడతాడు, రెండోవాడు తన ప్రాణాలు తగ్గించి రాసుకుంటూ కూర్చుంటాడు. ఆరాలకు ఉన్న సహజమైన ధర, జీవి పోతే అవీ పోతాయన్న భయం, హెక్స్‌ప్రూఫ్ పుణ్యమా అని మాయమైపోయింది. ఆ భయమే ఆరాను ఆసక్తికరమైన ముక్కగా నిలబెట్టింది.

వర్షిప్ అనే ఎన్‌చాంట్‌మెంట్ నా మాటకు ఇంకా మంచి ఉదాహరణ. 1998 నాటి అర్జాస్ సాగా సెట్‌లోది. బల్ల మీద నీ జీవి ఒకటైనా ఉన్నంతసేపు, ఎన్ని దెబ్బలు తగిలినా నీ ప్రాణం ఒకటికంటే కిందికి దిగదు. చదవగానే అన్యాయం అనిపిస్తుంది, కానీ దీనికి తలుపు ఉంది. ఆ జీవిని తీసేస్తే రక్షణ కూలిపోతుంది. కాబట్టి వర్షిప్ పడగానే ఇద్దరి కళ్లూ ఆ జీవి మీద పడతాయి. ఒకడు దాన్ని బతికించుకోవాలి, ఇంకొకడు ఎలాగైనా తీయాలి. ఎంత మంచి పోరాటం! ఇప్పుడు ఆ జీవి స్థానంలో స్లిప్పరీ బోగిల్‌ను పెట్టండి. తలుపుకు తాళం పడింది. పూర్తిగా ఎరుపు డెక్‌తో కూర్చున్న పిల్లవాడికి మిగిలిన దారులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఎందుకంటే ఎరుపు రంగుకు ఎన్‌చాంట్‌మెంట్లను తీసే శక్తి దాదాపు ఇవ్వలేదు. ఒకే కార్డు, పక్కనున్న జీవిని బట్టి, గొప్ప ఆటను పుట్టించనూ వచ్చు, ఆటను చంపనూ వచ్చు.

2013లో కమాండర్ అనే పద్ధతి డెక్కులతో వచ్చిన ట్రూ-నేమ్ నెమెసిస్ ఈ దారిలో చివరి మెట్టు. ఒక ఆటగాడిని ఎంచుకుంటే, ఆ మనిషి నుంచే దానికి రక్షణ. నలుగురు ఆడే బల్ల కోసం చేసిన కార్డు అది. అక్కడ మిగిలిన ఇద్దరికీ దాన్ని ఎదుర్కొనే వీలుంది. ఇద్దరే ఆడే చోటికి తెచ్చేసరికి ఎదురుగా ఉన్న ఒక్క మనిషీ దాదాపు నిరాయుధుడైపోయాడు.

నాకు నచ్చే రక్షణ ఎలా ఉంటుందంటే, ఘోస్ట్లీ ప్రిజన్‌లా. 2004లో వచ్చిన తెల్ల ఎన్‌చాంట్‌మెంట్. దాని మీద ఉన్నది ఒకే మాట: నా మీదికి దాడికి రావాలంటే, వచ్చే ఒక్కో జీవికి రెండు మానాలు చెల్లించాలి. రావద్దనదు. రా, కట్టు, కొట్టు అంటుంది. ఎదుటివాడు ప్రతి మలుపులో లెక్క వేసుకోవాలి: ఈ నాలుగు మానాలతో ఇద్దరిని పంపనా, కొత్త జీవిని దించనా? నీలం రంగులో దీనికి అక్క ఉంది, టెంపెస్ట్ నాటి ప్రొపగాండా. నలుగురు కూర్చున్న కమాండర్ బల్ల మీద ఇవి పడితే ఎవరూ మొహం ముడుచుకోగా నేను చూడలేదు. దాడులు పక్కవాడి మీదికి మళ్లుతాయి, బేరాలు మొదలవుతాయి, గొంతులు లేస్తాయి.

పాత కాలపు సర్కిల్ ఆఫ్ ప్రొటెక్షన్ కార్డులను కూడా నేను ఇదే వరసలో పెడతాను, చాలామంది ఒప్పుకోకపోయినా. అయిదు రంగులకు అయిదు. మొదటి ముద్రణలో నలుపుది పొరపాటున జారిపోయి, కొద్ది నెలలకే వచ్చిన రెండో ముద్రణలో చేరింది. సర్కిల్ ఆఫ్ ప్రొటెక్షన్ రెడ్ బల్ల మీదుంటే, ఒక్కో మానా ఖర్చుపెట్టి ఒక్కో ఎర్ర దెబ్బను ఆపుకోవచ్చు. ఒకే రంగు డెక్ తెచ్చినవాడి నోట్లో మట్టి కొట్టినట్టే కదా అంటారు. కాదు. ప్రతి దెబ్బకూ మానా కట్టాలి. నాలుగు చిన్న జీవులతో ఒక్కసారిగా వచ్చి, ఆపై ఒక బోల్ట్ విసిరితే, అయిదు మానాలు కాపాడుకోవడానికే పోతాయి, కొత్తగా ఏదీ దించలేవు. కాపాడుకునేవాడూ చెల్లిస్తున్నాడు, కొట్టేవాడూ చెల్లిస్తున్నాడు. పైగా ఇలాంటి కార్డులు మొదటి ఆటలో సాధారణంగా ఉండవు. పక్కన విడిగా పెట్టుకునే 15 ముక్కల సైడ్‌బోర్డులో ఉంటాయి, రెండో ఆటకు ముందు లోపలికి వస్తాయి. ఎదుటివాడూ ఆ సంగతి ఊహించి మార్పులు చేసుకుంటాడు.

ఈ ఆటను తయారుచేసే విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ వాళ్లు కూడా మెల్లగా ఇటే వచ్చారు. 2021లో స్ట్రిక్స్‌హేవెన్ సెట్‌తో వార్డ్ అనే గుణం తెచ్చారు, పైన చెప్పిన పాత వార్డ్ కార్డులు వేరు, ఇది వేరు. ఈ గుణమున్న జీవిని ఎదుటివాడు గురి పెట్టొచ్చు, కానీ అదనంగా ఇంత చెల్లించాలి, చెల్లించకపోతే మంత్రం వ్యర్థం. ఆలోచన కొత్తది కాదు, 2010 నాటి ఫ్రాస్ట్ టైటన్ మీద ఇలాంటి వాక్యమే ఉంది. కానీ దానికో పేరు పెట్టి, సెట్ తర్వాత సెట్‌లో వాడుతూ, ఒకప్పుడు హెక్స్‌ప్రూఫ్ రాసే చోట దీన్ని రాస్తున్నారు. ఇది ఈ ఆటలో గత కొన్నేళ్లలో జరిగిన మంచి మార్పుల్లో ఒకటని నా గట్టి నమ్మకం. హెక్స్‌ప్రూఫ్‌ను పూర్తిగా మానేయలేదు. మానేస్తే ఇంకా సంతోషిస్తాను.

ఆరాల నష్టాన్ని తగ్గించడానికి వాళ్లు ఇంకో దారి కూడా వెతికారు, అదీ మెచ్చుకోదగ్గదే. 2013లో థీరోస్ సెట్‌లో బెస్టో అనే పద్ధతి వచ్చింది. ఆ ముక్కను జీవిగానైనా దించొచ్చు, కొంచెం ఎక్కువ కట్టి ఆరాగానైనా తగిలించొచ్చు. ఆరాగా ఉన్నప్పుడు కింది జీవి చస్తే, ఇది తానే జీవిగా లేచి నిలబడుతుంది. రెండు ముక్కలు పోవు, అయినా ఎదుటివాడి చేతులు కట్టేయలేదు. అంబ్రాలు, బెస్టో, రాంకర్ లాగా కుప్పలోకి పోగానే చేతిలోకి తిరిగొచ్చే ఆరాలు, ఇవన్నీ ఒకే ప్రశ్నకు తలో జవాబు. రాంకర్‌లోనూ ఒక మెలిక ఉంది. బల్ల మీది నుంచి పోతేనే తిరిగొస్తుంది. అంటుకునేలోపే జీవిని కొడితే రాదు. కాబట్టి దాన్ని ఎప్పుడు వేయాలో అక్కడా ఆలోచించవలసిందే.

పిల్లలకు ఆట నేర్పే అన్నలకు, అక్కలకు, అమ్మానాన్నలకు నా విన్నపం ఇది. ఆరాలు తీసేయమనకండి. వాడు ఆరా చూపించినప్పుడు ఇది దేనినుంచి కాపాడుతుంది, దేనినుంచి కాపాడదు అని అడగండి. ఎదుటివాడి ల్యాండ్లు ఖాళీ అయ్యేదాకా ఓపిక పట్టడం నేర్పండి. ఉన్నవన్నీ ఒకే జీవికి తగిలించకుండా రెండో జీవి వచ్చేదాకా ఒకటి చేతిలో ఉంచుకోమనండి. డబ్బు సంగతి అడిగేవాళ్లకు కూడా దారి ఉంది. పాపర్ అనే పద్ధతిలో కామన్ కార్డులు మాత్రమే ఆడాలి. హైనా అంబ్రా, రాంకర్, ఎథీరియల్ ఆర్మర్ అన్నీ కామన్లే. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉండి దగ్గర్లో దుకాణం లేనివాళ్లు మ్యాజిక్ అరీనా అనే ఉచిత ఆటను ఫోన్‌లో మొదలుపెట్టొచ్చు. పాత కార్డులన్నీ అందులో లేకపోయినా, వార్డ్ గుణమూ ఆరాల లెక్కా అక్కడా నేర్చుకోవచ్చు. నాలాగా పిల్లల దగ్గరికి వచ్చి ఉండే అమ్మమ్మలు, తాతయ్యలు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. రమ్మీలో ముక్కలు లెక్కపెట్టిన బుర్రలకు ఇది కొరుకుడు పడని ఆట కాదు.

బోగిల్స్ విషయంలో మాత్రం మా ఇంట్లోనే ఏకాభిప్రాయం లేదు. మా మనవడికి ఆ డెక్ అంటే ప్రాణం. వాడి వాదన న్యాయమైనదే: "జీవుల్ని చంపడానికే ఇరవై ముక్కలు పెట్టుకుని వచ్చేవాళ్లు ఉన్నారు అమ్మమ్మా. వాళ్ల ముందు నేను ఏది దించినా చస్తుంది. బోగిల్ ఒక్కటే నిలబడుతుంది. దానికీ విరుగుడు లేకపోలేదు కదా." ఉంది. 1997 నాటి డయబాలిక్ ఈడిక్ట్ జీవిని గురి పెట్టదు, ఆటగాడిని గురి పెట్టి, నీ జీవుల్లో ఒకదాన్ని నువ్వే బలివ్వమంటుంది. బోగిల్ ఒక్కటే ఉంటే అదే బలి. ఆ భయంతోనే కొందరు బోగిల్స్ ఆటగాళ్లు డ్రయాడ్ ఆర్బర్ అనే ల్యాండును పెట్టుకుంటారు. అది జీవి కూడా కాబట్టి బలికి పనికొస్తుంది. ఈడిక్ట్ ఒకవైపు, ఆర్బర్ ఇంకోవైపు ఉంటే మళ్లీ ఇద్దరూ ఆలోచిస్తారు, అప్పుడు నాకూ అభ్యంతరం లేదు. కానీ ఈడిక్ట్ అంటే ఏమిటో తెలియని, నిన్నగాక మొన్న ఆట మొదలుపెట్టిన పిల్లలు కూర్చునే బల్ల దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ డెక్ ఇంట్లో పెట్టి, అంబ్రాలున్న డెక్ తీసుకెళ్లమని చెప్పాను. దానికి ఒప్పుకున్నాడు. మిగిలిన బల్లల సంగతి మీద ఇంకా వాదిస్తూనే ఉన్నాం.